సీటు మీద రుమాలు: కారణం తెలియని వాపులూ, యాంటీహిస్టమిన్ మాత్రలూ

(విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో ఒక చర్మవ్యాధుల వైద్యురాలు చేసిన ప్రసంగం. మాటల ధోరణి మార్చకుండా రాసుకున్నాం.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వాళ్ళకి వినబడుతోందా? ఫ్యాను కొంచెం తగ్గించండి, మైకులో హోరు వస్తోంది.

సెక్రటరీగారు ఫోన్ చేసి "చర్మ సౌందర్యం గురించి నాలుగు మాటలు చెప్పండమ్మా" అన్నారు. ఈ హాల్లో అందరూ అరవై దాటినవాళ్ళే. సౌందర్యం సంగతి మనందరికీ ఎప్పుడో తేలిపోయింది, ఇంక నేను చెప్పేదేముందండీ అన్నాను. (నవ్వులు) అందుకని వాపుల గురించి మాట్లాడతాను. అన్ని వాపులూ కాదు. ఉన్నట్టుండి వచ్చి, ఒకటి రెండు రోజుల్లో ఆనవాలు లేకుండా పోయి, మళ్ళీ పదిహేను రోజులకి ఇంకోచోట లేచే వాపు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా విసిగిపోయి వచ్చేది దీనితోనే.

రాత్రి బాగానే పడుకుంటారు. తెల్లారి పళ్ళు తోముకుందామని అద్దం ముందు నిలబడితే పై పెదవి బూరెలా పొంగి ఉంటుంది. లేకపోతే ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది. ఇంట్లో ఒకరు "ఏదో పురుగు పాకింది" అంటారు. ఒకరు "నిన్న వంకాయ కూర తిన్నావుగా" అంటారు. అత్తగారు ఉంటే దిష్టి తీస్తారు. సాయంత్రానికి కాస్త దిగుతుంది, మర్నాటికి మామూలే. మూడోరోజున డాక్టరు దగ్గరికి వచ్చి "ఇక్కడ ఇంత వాచిందండీ" అని వేళ్ళతో కొలత చూపిస్తారు. నాకేమో నున్నగా ఉన్న పెదవి కనబడుతుంది! కాబట్టి వాచిన వెంటనే సెల్‌ఫోన్‌తో ఫోటో తీసిపెట్టుకోండి. మొహం అలా ఉన్నప్పుడు ఫోటో ఏమిటని సిగ్గుపడకండి. ఆ ఫోటో, దానిమీద ఉండే టైము, నాకు చాలా రక్తపరీక్షల కన్నా ఎక్కువ చెబుతాయి.

ముందు ఏది ఈ వాపు కాదో చెప్పేస్తాను. సాయంత్రానికి రెండు పాదాలూ వాచి, వేలితో నొక్కితే గుంట పడుతోందంటే అది వేరు. గుండె, కిడ్నీ, కాళ్ళ నరాలు చూపించుకోవాలి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవాళ్ళలో ఆ మాత్ర వల్లే చీలమండలు వాస్తాయి. దానికి సెట్రిజిన్ అనే ఎలర్జీ మాత్ర మింగుతున్నవాళ్ళని చూశాను, ఏం ఉపయోగం లేదు. రోజూ పొద్దున్నే మొహం ఉబ్బుతోందంటే కిడ్నీ, థైరాయిడ్ చూడాలి. మన కోస్తా జిల్లాల్లో ఇంకోటుంది, జ్వరంతో కాలు వాచి ఎర్రబడితే బోదకాలేమో అని చూసుకోవడం. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ఫైలేరియాకి ఊరూరా పంచిపెట్టే ఆ డీఈసీ మాత్ర, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బయటికొచ్చిందే. సరే, దారి తప్పుతున్నాను.

నేను చెప్పే వాపు పేరు ఆంజియోఈడిమా. తెలుగులో దీనికి సరైన మాట లేదు, నేను "లోదద్దురు" అంటుంటాను. ఎందుకంటే దద్దురూ ఇదీ చాలామందిలో ఒక తల్లి పిల్లలే. నీరు చర్మం పైపొరలో దిగితే దురదతో దద్దురు లేస్తుంది. లోపలి పొరలో దిగితే పెదవి, కనురెప్ప, నాలుక, అరచెయ్యి, చెప్పుకోడానికి సిగ్గుపడే చోట్లు కూడా, ఇలా వదులుగా ఉండే చోట ఉబ్బుతుంది. జర్మనీలో కీల్‌లో పనిచేసిన క్వింకే అనే వైద్యుడు 1882లో దీన్ని వివరంగా రాశాడు. ఇప్పటికీ కొన్ని పుస్తకాల్లో క్వింకే వాపు అనే ఉంటుంది.

అసలు నీరెక్కడిది? మన చర్మం కింద మాస్ట్ కణాలని ఉంటాయి. 1878లో పాల్ ఎర్లిక్ రంగులు వేసి చూస్తే కడుపునిండా గింజలతో కనబడ్డాయి. ఆ గింజల్లో హిస్టమిన్ ఉంటుంది. కణం రేగిందంటే గింజలు బయటికి చల్లేస్తుంది. హిస్టమిన్ వెళ్ళి సన్నటి రక్తనాళాల గోడలని వదులు చేస్తుంది. కొత్త కుండకి చెమ్మ పట్టినట్టు, నాళంలోంచి నీరు ఊరుతుంది. అంతే.

మరి ఆ కణాలు ఎందుకు రేగుతున్నాయి? తేనెటీగ కుట్టినా, పడని మందు వేసుకున్నా రేగుతాయి, అప్పుడు కారణం కళ్ళముందే ఉంటుంది. కానీ ఆరువారాలు దాటి మళ్ళీ మళ్ళీ వస్తుంటే మాత్రం, బయటి కారణం దొరకడం చాలా అరుదు. చాలామందిలో మన రక్షణ వ్యవస్థే పొరపాటున మన మాస్ట్ కణాలని గిల్లుతుంటుంది. వీళ్ళలో కొందరికి థైరాయిడ్ మీద కూడా అలాంటి దాడే ఉంటుంది. అందుకే మేం టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష రాస్తాం, మీరేమో "పెదవి వాస్తే మెడకి పరీక్షేమిటి" అనుకుంటారు.

ఈ సంగతి తెలియక జనం పడే అవస్థ పథ్యం. ఒకావిడ నోటుపుస్తకం పట్టుకొచ్చింది. వంకాయ, గోంగూర, గుడ్డు, ఎండుచేప, రొయ్యలు, టమాటా, పెరుగు, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చింది. నాలుగు నెలలుగా అన్నం, బీరకాయ, చారు. మనిషి సగమైపోయింది, వాపు మాత్రం పెసరంత తగ్గలేదు. పైగా వందరకాల తిండ్లకి ఒకేసారి రక్తపరీక్ష చేయించుకుని, ఆ పదివేల రూపాయల కాగితం లామినేషన్ చేయించింది. (నవ్వులు) నవ్వకండి, పాపం. తిండి వల్ల వచ్చే ఎలర్జీ వాపు సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపు వస్తుంది, తిన్న ప్రతిసారీ వస్తుంది. మొన్న మంగళవారం తిన్న వంకాయ శనివారం తెల్లారగట్ల పెదవిలో బయటపడదు. ఆవిడని ఆ రోజే గోంగూర తినమన్నాను.

ఒక్క పథ్యం మాత్రం నిజం. నొప్పి మాత్రలు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఈ రోగుల్లో కొందరికి వాపుని రెచ్చగొడతాయి. మోకాళ్ళ నొప్పులకని మీరు వారానికి మూడుసార్లు వేసుకునే మాత్రని ఏమీ అనకుండా, వంకాయని నిందిస్తుంటారు.

ఇంక మందు సంగతి. హిస్టమిన్ ఏం చేస్తుందో 1910లో ఇంగ్లండులో డేల్, లెయిడ్‌లా చూపించారు. దాన్ని అడ్డుకునే మొదటి పదార్థాలు, అంటే యాంటీహిస్టమిన్‌లు, 1937లో పారిస్‌లో డానియెల్ బోవే బృందం తయారుచేసింది. ఆయనకి 1957లో నోబెల్ వచ్చింది. ఇవాళ మెడికల్ షాపులో రూపాయికీ రెండు రూపాయలకీ దొరికే సెట్రిజిన్ ఆ వంశంలోదే. ఇంత చవగ్గా దొరికేసరికి దానికి విలువ లేకుండా పోయింది, వాడే పద్ధతి కూడా పాడైపోయింది.

అందరూ ఎలా వాడతారు? పెదవి వాచింది, ఒక మాత్ర వేశారు. తగ్గింది, మానేశారు. మళ్ళీ వాచింది, మళ్ళీ ఒకటి. రెండేళ్ళు ఇలా గడిచాక "సెట్రిజిన్ నాకు పనిచెయ్యదండీ" అంటారు.

మీరంతా ఆర్టీసీ బస్సులెక్కినవాళ్ళే కదా. పండగ రోజుల్లో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి సీటు మీద రుమాలు వేస్తాం. యాంటీహిస్టమిన్ చేసేది సరిగ్గా అదే. రక్తనాళం గోడమీద హిస్టమిన్ కూర్చునే సీట్లుంటాయి. మన మాత్ర ముందే వెళ్ళి అక్కడ రుమాలు వేసుకోవాలి. హిస్టమిన్ వచ్చి కూర్చుని, బస్సు బయల్దేరాక రుమాలు విసిరితే ఎవరు లేస్తారండీ? అప్పటికే ఊరిన నీటిని ఈ మాత్ర తోడి పొయ్యలేదు. ఆ నీరు దానంతటది ఒకరోజులో ఇంకుతుంది. మాత్ర వేసుకున్నాం కాబట్టి తగ్గిందనుకుంటాం.

అందుకని మాత్ర రోజూ వేసుకోవాలి. వాపు ఉన్నా లేకపోయినా, ఒకే వేళకి. దీనికి ఒప్పించడమే మా ఉద్యోగంలో సగం. "ఏం లేనప్పుడు మందెందుకండీ, ఒంటికి అలవాటైపోదూ?" అంటారు. ఇది నిద్రమాత్ర కాదు, బానిసల్ని చెయ్యదు. ఏళ్ళతరబడి వేసుకున్నవాళ్ళున్నారు. అయితే సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే కొందరికి కొన్నాళ్ళు ఒళ్ళంతా దురద వస్తుంది. నెమ్మదిగా తగ్గించుకుంటే చాలు.

ఎంత వేసుకోవాలి? మొదట రోజుకొకటి. సెట్రిజిన్ అయితే 10 మిల్లీగ్రాములు, లెవోసెట్రిజిన్ 5, బిలాస్టిన్ 20, ఫెక్సోఫెనాడిన్ అయితే మన దగ్గర 120, 180 రెండు సైజులూ దొరుకుతాయి. రెండు నుంచి నాలుగు వారాలు చూస్తాం. లొంగకపోతే పెంచుతాం. అంతర్జాతీయ మార్గదర్శకాలు కొత్త తరం మాత్రల్ని మామూలు మోతాదుకి నాలుగురెట్ల దాకా పెంచవచ్చంటాయి. ఈ మాట వినేసి రేపట్నుంచి నాలుగేసి మింగకండి బాబూ! పెట్టెమీద రాసున్న మోతాదు ఒకటే. పెంచడం డాక్టరు చూసుకుంటూ చేసే పని. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకి సెట్రిజిన్ ఒకటి కూడా ఎక్కువే అవ్వచ్చు, సగం చేస్తాం. అదీ కుదరకపోతే ఓమాలిజుమాబ్ అని నాలుగువారాలకోసారి చర్మం కింద ఇచ్చే ఇంజక్షన్ ఉంది. దద్దుర్లకి అమెరికాలో 2014లో అనుమతించారు. పనిచేసినవాళ్ళలో మంత్రం వేసినట్టు పనిచేస్తుంది, ధర వింటే మాత్రం ఉన్న పెదవి కూడా ఎండిపోతుంది.

పాత మాత్రలు, అంటే క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, హైడ్రాక్సిజిన్ లాంటివి, మన వయసువాళ్ళకి మంచివి కావు. అవి మెదడులోకి వెళ్ళి మత్తు ఇస్తాయి. పెద్దవాళ్ళలో తికమక, ప్రోస్టేటు ఉన్నవాళ్ళకి మూత్రం బిగుసుకుపోవడం, రాత్రి బాత్రూముకి లేచి తూలి పడటం. తుంటి ఎముక విరిగి వచ్చినవాళ్ళని అడిగితే "జలుబు మాత్ర వేసుకుని పడుకున్నానమ్మా" అంటారు. కొత్తవాటిలో సెట్రిజిన్‌కి కొంచెం మత్తుంది, ఫెక్సోఫెనాడిన్, బిలాస్టిన్‌లకి దాదాపు లేదు. ఫెక్సోఫెనాడిన్ పళ్ళరసంతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు, మంచినీళ్ళతోనే వేసుకోండి. బిలాస్టిన్ పరగడుపున, టిఫినుకి గంట ముందు.

ఇంకో చిన్న తెల్లమాత్ర గురించి చెప్పకుండా వదలను. షాపతను సెట్రిజిన్‌తోపాటు కాగితంలో చుట్టి ఇస్తాడే, అది. అది స్టెరాయిడ్. వాపు దించుతుంది, కాదనను. గట్టిగా వచ్చినప్పుడు మూణ్ణాలుగు రోజులు మేమూ ఇస్తాం. కానీ నెలకి రెండుసార్లు, మూడుసార్లు, ఏళ్ళతరబడి వేసుకుంటే షుగరు, బీపీ, ఎముకలు గుల్లబారడం, కంటిలో శుక్లం. మొహం గుండ్రంగా అయితే "ఒళ్ళు చేశావు, బాగున్నావు" అంటారు చుట్టాలు.

ఇప్పటిదాకా చెప్పింది హిస్టమిన్ వాపు. ఇప్పుడు నా పొరపాటు ఒకటి చెబుతాను.

చాలాఏళ్ళ కిందట ఒక రిటైర్డు టీచరుగారు వచ్చేవారు. నాలుక ఒకపక్క వాచేది, రెండురోజులుండేది. దురద లేదు, దద్దుర్లు లేవు. నేను సెట్రిజిన్ ఇచ్చాను. ఆర్నెల్లకి మళ్ళీ వచ్చింది, రెండు చేశాను. తర్వాత మూడు. ప్రతిసారీ "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగాను. ప్రతిసారీ "లేదమ్మా" అన్నారు. ఒకరోజు ఫీజుకి చిల్లర వెతుకుతూ కళ్ళజోడు పెట్టె నా బల్లమీద బోర్లించారు. అందులోంచి మాత్రల పట్టీ పడింది. రామిప్రిల్. "ఇదేమిటండీ?" అంటే "అది బీపీ బిళ్ళమ్మా, మందు కాదు" అన్నారు. (నవ్వులు) ఆవిడ లెక్కలో మందంటే జబ్బు చేసినప్పుడు వేసుకునేది. బీపీ బిళ్ళ కాఫీ లాంటిది, పదకొండేళ్ళుగా పొద్దున్నే వేసుకుంటున్నారు. తప్పు ఆవిడది కాదు. నేను ప్రశ్న సరిగా అడగలేదు. ఇప్పుడు నేను "మందులు" అనను, "పొద్దుట్నుంచి రాత్రిదాకా నోట్లో వేసుకునేవన్నీ సంచితో తీసుకురండి" అంటాను.

ఆ నాలుక వాపులో హిస్టమిన్‌కి పాత్రే లేదు. అది బ్రాడీకైనిన్ చేసే పని. 1949లో బ్రెజిల్‌లో రోషా ఎ సిల్వా, ఆయన సహచరులు జరరాకా అనే పాము విషంతో ప్రయోగాలు చేస్తూ దాన్ని కనిపెట్టారు. అదీ నాళాల్లోంచి నీరు కార్పిస్తుంది. మన ఒంట్లో దాన్ని బయటికి పంపే తూము ఏసీఈ అనే ఎంజైము. ఆ పాము విషంలోనే ఈ ఎంజైముని మూసే పదార్థం కూడా దొరికింది. దాని ఆధారంగా క్యాప్టోప్రిల్ తయారుచేశారు, 1981లో అమెరికాలో బీపీకి అనుమతి వచ్చింది. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ అన్నీ దాని తమ్ముళ్ళే. గుండెకి, కిడ్నీకి ఎంతో మేలు చేసే మందులు, వేసుకున్నవాళ్ళలో వందకి ఒక్కరికి కూడా ఈ వాపు రాదు. వచ్చినవాళ్ళకి మాత్రం తూము మూసుకుని చెరువు పొంగినట్టే. వేసుకున్న వారంలో రావచ్చు, పదేళ్ళ తర్వాతా రావచ్చు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఎక్కువగా పెదవి, నాలుక, గొంతు. షుగరుకి గ్లిప్టిన్ మాత్రలు కూడా వాడుతుంటే ఆ అవకాశం ఇంకొంచెం పెరుగుతుంది.

ఇంటికెళ్ళి మీ బీపీ పట్టీ చూసుకోండి. "ప్రిల్" అని ఉండి, ఎప్పుడైనా నాలుకో పెదవో వాచి ఉంటే, వెంటనే డాక్టరుకి చెప్పి ఆ మాత్ర మార్పించుకోండి. వాపే లేనివాళ్ళు భయపడి మానెయ్యకండి. టీచరుగారికి మార్చాక ఇంకోసారి వచ్చింది, ఆపిన తర్వాత కూడా కొన్ని వారాలు అలా రావచ్చు. తర్వాత రాలేదు.

ఆ రోజు నుంచీ నేను యాంటీహిస్టమిన్‌ని మందుగానే కాక పరీక్షగా కూడా చూస్తున్నాను. రోజూ, సరైన మోతాదులో, తగినన్నాళ్ళు వాడినా వాపు తన మానాన తాను వస్తోందంటే, "ఈ మాత్ర పనికిరాదు, ఇంకో కంపెనీది రాయండి" అనుకోకూడదు. ఆ వాపు హిస్టమిన్‌ది కాదేమో అని ఆగి ఆలోచించాలి. కానీ రుమాలు సరిగా వెయ్యకుండా ఈ పరీక్ష తప్పారని చెప్పలేం. అందుకే రోజూ వేసుకోమని అంత పోరేది.

ఇదే కోవలో ఇంకో జబ్బు, వంశంలో వచ్చేది. 1888లో ఆస్లర్ అనే వైద్యుడు ఒకే కుటుంబంలో అయిదు తరాలుగా ఈ వాపుల్ని చూసి రాశాడు. 1963లో డొనాల్డ్‌సన్, ఎవాన్స్ అసలు లోపం పట్టుకున్నారు, సీ1 ఇన్హిబిటర్ అనే ప్రొటీను కొరత. సుమారు 50,000 మందిలో ఒకరికి ఉంటుందంటారు. చిన్నప్పట్నుంచీ చెయ్యో, కాలో, మొహమో వాచి మూడు నాలుగు రోజులుంటుంది, దురద ఉండదు. పేగుకి వాపొస్తే మెలిపెట్టే కడుపునొప్పి, వాంతులు. అపెండిసైటిస్ అనుకుని పొట్ట కోసి చూసిన సందర్భాలున్నాయి. వీళ్ళకి సెట్రిజిన్, స్టెరాయిడ్, ఆఖరికి అడ్రినలిన్ కూడా పెద్దగా పనిచెయ్యవు. పన్ను పీకించుకున్నా గొంతు వాచే ప్రమాదం ఉంది. సీ4 అనే రక్తపరీక్షతో అనుమానం మొదలవుతుంది, తర్వాత ఆ ప్రొటీను కొలుస్తారు. మన దేశంలో చాలామందికి డానజోల్, ట్రానెక్జామిక్ యాసిడ్‌తో నెట్టుకొస్తున్నారు, అత్యవసరంలో ప్లాస్మా ఎక్కిస్తారు.

ఒక్క విషయం గట్టిగా చెప్పి ప్రశ్నలకి వస్తాను. గొంతు మారినా, ఉమ్మి మింగలేకపోయినా, ఊపిరి అందకపోయినా, కళ్ళు తిరిగినా మాత్రల డబ్బా వెతక్కండి. 108కి ఫోన్ చెయ్యండి. ఎలర్జీ షాక్‌లో ప్రాణం కాపాడేది తొడ కండలోకి ఇచ్చే అడ్రినలిన్, సెట్రిజిన్ కాదు.

అడగండి.

(ఒకాయన: నేను స్కూటరు నడుపుతానమ్మా. సెట్రిజిన్ వేసుకోవచ్చా?)

మీకు ఎంత మత్తిస్తుందో మొదట రెండుమూడు రోజులు రాత్రిపూట వేసుకుని చూడండి. పొద్దున్న తల బరువుగా ఉంటే మార్పించుకోండి, మత్తు తక్కువవి ఉన్నాయిగా.

(ఒకావిడ: ఎన్నాళ్ళు వాడాలండీ? జీవితాంతమా?)

కాదండీ. ఈ రకం వాపు చాలామందిలో దానంతటదే చల్లారుతుంది. కొందరికి నెలల్లో, కొందరికి నాలుగైదేళ్ళు పడుతుంది. పూర్తిగా తగ్గి కొన్ని నెలలు ప్రశాంతంగా ఉంటే, ఒక్కొక్కటీ తగ్గించి చూస్తాం. మళ్ళీ వస్తే మళ్ళీ మొదలుపెడతాం, అందులో ఓడిపోయినట్టేం లేదు.

(చివరి వరసలోంచి ఒకాయన: మా మనవరాలికి పద్నాలుగేళ్ళండీ. నెలకోసారి చెయ్యి వాస్తుంది, కడుపునొప్పి వస్తుంది. దురద ఉండదు. ఎలర్జీ మందులు రెండేళ్ళుగా వాడుతున్నాం. మా కోడలికీ చిన్నప్పుడు అలాగే ఉండేదట, ఒకసారి పొట్ట ఆపరేషన్ కూడా చేశారు, లోపల ఏమీ లేదన్నారట.)

మీరు మీటింగు అయ్యాక వెళ్ళిపోకండి, నాతో మాట్లాడాలి. పాపకి సీ4 చేయించాలి, కోడలికి కూడా. పాపకి పన్ను పీకించే పనేదైనా ఉంటే ఈ పరీక్షలు వచ్చేదాకా ఆపండి. ఆ ఆపరేషన్ కాగితాలు ఇంట్లో ఉంటే, ఎంత పాతవైనా సరే, పట్టుకురండి.